అమ్మతో చెప్పేస్తా!

ఐర్లండులో ఉగాదికో, బతుకమ్మకో ఏదో ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని మన తెలుగువాళ్ళం కలుస్తుంటాం కదా. అప్పుడు పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని ఎవరో ఒకరు నన్నడిగే ప్రశ్న ఒకటుంది. "పిల్లల ఐపాడ్‌లో ఏం వెయ్యమంటారండీ? మంచి సాఫ్ట్‌వేరు ఏదైనా ఉంటే చెప్పండి" అని. అడిగేవాళ్ళలో సగం మంది సాఫ్ట్‌వేరువాళ్ళే. వాళ్ళలో బ్యాంకుల సెక్యూరిటీ చూసేవాళ్ళు కూడా ఉన్నారు. నాకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు. అయినా అడుగుతారు. ఈ భయానికి ఎక్కడో ఓ సెట్టింగు ఉండే ఉంటుందని, అది కాస్తా నొక్కేస్తే రాత్రి హాయిగా నిద్రపడుతుందని ఓ ఆశ.

ఆ సెట్టింగుల సంగతి ముందే చెప్పేసి పక్కన పెడతాను. అరగంట పని. ఆపిల్ పరికరాలకి స్క్రీన్ టైమ్, ఆండ్రాయిడ్ వాటికి ఫ్యామిలీ లింక్. రెండూ ఉచితమే. పిల్లలకి పిల్లల పేరు మీదే అకౌంటు తెరవండి, మీ అకౌంటుతో లాగినై ఉన్న పాత ఫోను చేతిలో పెట్టకండి. పుట్టినతేదీ దగ్గర నిజం రాయండి. "పదమూడు లేకపోతే ఒప్పుకోవట్లేదండీ, అందుకే 1995 వేశాం" అని నవ్వుతూ చెప్పేవాళ్ళని చూశాను. ఆ ఒక్క అంకెతో, సదరు కంపెనీ పిల్లల కోసమని పెట్టిన అరకొర రక్షణలు కూడా మన చేత్తో మనమే పీకేసినట్టు. ఇంటి రౌటరులో డీఎన్ఎస్ దగ్గర 1.1.1.3 అని వేస్తే బూతు సైట్లు, వైరస్ సైట్లు ఇంటి వైఫై మీద చాలామటుకు తెరుచుకోవు. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళు 2020 నుంచి ఊరికే ఇస్తున్న సేవ అది. అంతే, అయిపోయింది.

అయిపోయింది అంటే, సాఫ్ట్‌వేరు చెయ్యగలిగింది అయిపోయింది. ఈ ఫిల్టర్లు పనిచేసేది అపార్టుమెంటు వాచ్‌మన్ లాగా. వచ్చినవాడు ఏ ఫ్లాటుకి వెళ్తున్నాడో రిజిస్టరులో రాయించుకుని పంపిస్తాడు. లోపలికెళ్ళి ఎవరితో ఏం మాట్లాడాడో అతనికేం తెలుసు? ఆట ఆడుకోవడానికి మనమే అనుమతి ఇచ్చాం. ఆ ఆటలోనే ఒక మాటల పెట్టె ఉంది. అందులోంచి "హాయ్, నీకెన్నేళ్ళు?" అని ఎవరో పలకరిస్తే మన వాచ్‌మన్ దృష్టిలో అది ఆటే.

ఇక అసలు విషయానికొస్తాను. డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్ళే దారిలో సరిహద్దు దాటగానే న్యూరీ అని ఊరొస్తుంది. దాని దగ్గర్లో పెరిగిన అలెగ్జాండర్ మెకార్ట్నీ అనే ఇరవయ్యారేళ్ళవాడికి 2024 అక్టోబరులో బెల్‌ఫాస్ట్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. కనీసం 20 ఏళ్ళు జైల్లోనే ఉండాలంది. వీడూ మనలాగే కంప్యూటర్ సైన్సు విద్యార్థి. ఇంట్లో కూర్చుని స్నాప్‌చాట్‌లో ఆడపిల్లగా నటిస్తూ ఆడపిల్లలతో స్నేహం చేసేవాడు. నమ్మించి ఒక ఫోటో రాబట్టేవాడు. ఆ తరువాత ముసుగు తీసేసి, నేను చెప్పినట్టు చెయ్యకపోతే ఇది అందరికీ పంపిస్తాను అని మొదలుపెట్టేవాడు. ఒప్పుకున్న నేరాలు 185, దాదాపు 70 మంది పిల్లల విషయంలో. మొత్తం బాధితులు 30 దేశాల్లో 3,500 మంది దాకా ఉంటారని పోలీసుల అంచనా. వాడి బెదిరింపులకి తట్టుకోలేక 2018లో అమెరికాలో ఓ పన్నెండేళ్ళ పిల్ల ప్రాణం తీసుకుంది. అందుకే వాడి మీద నరహత్య నేరం కూడా పడింది.

ఆ కేసు వార్తలు చదువుతున్నంతసేపూ నేను ఒకటే చూశాను, ఇందులో టెక్నాలజీ ఎంత ఉందా అని. లేనే లేదు. ఒక దొంగ ప్రొఫైలు, ఎవరివో నాలుగు ఫోటోలు, బోలెడంత ఓపిక. పాస్‌వర్డులు బద్దలు కొట్టక్కర్లేదు, వైరస్ పంపక్కర్లేదు. ఇలాంటివాళ్ళందరి దగ్గరా ఉండే మారుతాళం ఒక్కటే: ఈ పిల్ల ఇంట్లో చెప్పదు. చిన్నప్పుడు మనమూ ఒకళ్ళనొకళ్ళం బెదిరించుకున్నాం, "ఉండు, అమ్మతో చెప్పేస్తా!" అని. ఆ మాట వింటే పిల్లకి ఎంత భయమేస్తుందో, బెదిరించేవాడికి అంత బలం. "చెప్పుకో పో, నేనే చెప్పేశాను" అనగలిగే పిల్ల దగ్గర వాడి బేరం సగం పోయినట్టే.

కాబట్టి నా మటుకు నాకు, ఇంటర్నెట్టులో పిల్లల భద్రత అనేది తొంభై పాళ్ళు ఇంట్లో అమ్మానాన్నల మొహం ఎలా ఉంటుందన్న విషయం. కంప్యూటరు విషయం మిగతా పది పాళ్ళు.

ఇప్పుడు మన ఇళ్ళకి రండి. ఎనిమిదేళ్ళ పిల్ల ఆట మధ్యలో లేచొచ్చి "నాన్నా, ఎవరో నా ఫోటో అడుగుతున్నారు" అందనుకోండి. మన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏమిటి? "అసలు వాళ్ళతో నిన్నెవరు మాట్లాడమన్నారు?" తరువాత మాట ఉండదు, చెయ్యే. ఐపాడ్ లాక్కోవడం. మూడోది వంటింటివైపు తిరిగి, "చూశావా, నేను చెప్తూనే ఉన్నాను, ఇచ్చింది నువ్వే!" అనడం. ఇక ఆ రాత్రికి అమ్మానాన్నలిద్దరూ దెబ్బలాట. పిల్ల ఇందులో ఏం నేర్చుకుంది? ముక్కూమొహం తెలియనివాళ్ళతో జాగ్రత్తగా ఉండాలని అనుకుంటున్నారేమో. కాదు, చెప్తే ఐపాడ్ పోతుంది, ఇంట్లో గొడవవుతుంది అని. అది నేర్చుకోవడానికి ఒక్కసారి చాలు.

తమాషా ఏమిటంటే, ఆఫీసులో మనం దీన్ని ఎంత బాగా చేస్తామో! ప్రొడక్షను సర్వరు పడిపోతే, "ఎవడు చేశాడు" అనకూడదు, "ఎలా జరిగింది" అనే అడగాలి. దానికో మీటింగు, దానికో పేరు, గోడ మీద దానికో పోస్టరు. కన్నం కనిపెట్టి చెప్పినవాడికి బగ్ బౌంటీ అని డబ్బులు కూడా ఇస్తాయి కంపెనీలు. అదేమీ దయాగుణం కాదు. చెప్పినవాణ్ణి తిడితే తరువాతి కన్నం గురించి ఎవడూ చెప్పడు, దొంగ దూరాకే తెలుస్తుంది, అంతే. పగలంతా ఈ ధర్మం నిష్ఠగా పాటించి, సాయంత్రం ఇంటికొచ్చి పిల్లల దగ్గర మాత్రం మన తాతలనాటి హెడ్మాస్టరు అవతారం ఎత్తేస్తాం.

మా ఇంట్లో నియమం చిన్నది. నువ్వుగా వచ్చి చెప్పినదానికి శిక్ష లేదు. ఐపాడ్ కొన్నాళ్ళు పక్కన పెట్టాల్సి వచ్చినా ఆ పూట మాత్రం తీసుకోం. మా ఆవిడ దీనికి వెంటనే ఒప్పుకోలేదు. "అంటే వెధవపని చేసొచ్చి, ఇదిగో చెప్పేశాను అంటే సరిపోతుందా?" అంది. న్యాయమైన ప్రశ్నే. రెండో క్లాసు పిల్లకి సరిపోతుందనే నేనంటాను. పదిహేనేళ్ళ వయసుకి లెక్కలు వేరు. కానీ అప్పటికి పిల్ల మనతో ఇంకా మాట్లాడుతూ ఉంటేనే కదా ఆ లెక్కలు!

వయసు పెరిగేకొద్దీ దీనికి ఇంకో పేరొస్తుంది: పరువు. "నలుగురికీ తెలిస్తే" అన్న మాట పిల్లలు వినని తెలుగిల్లు ఉందా? పక్కింటివాళ్ళ అమ్మాయి గురించో, టీవీలో వచ్చిన ఏదో కేసు గురించో భోజనాల దగ్గర మనం ఓ తీర్పు చెప్పేస్తాం. "ఆ పిల్ల అలాంటి ఫోటో అసలెందుకు పంపాలి?" అంటాం. పక్కనే కూర్చుని అన్నం కలుపుకుంటున్న మన పిల్ల ఆ తీర్పు వింటుంది. రేపు తనకే ఆ అవసరం వస్తే, ఈ కోర్టులో తీర్పు ఎలా ఉంటుందో ముందే తెలుసు. మగపిల్లల సంగతి మనం అసలు పట్టించుకోం. డబ్బు కోసం చేసే ఈ రకం బెదిరింపుల్లో ఎక్కువగా చిక్కుతున్నది పదమూడు దాటిన మగపిల్లలే. మగపిల్లాడు కదా, వాడికేమవుతుంది అనుకునే ఇంట్లో వాడికి చెప్పుకునే దారి ఇంకా ఇరుకు.

ఇంకొక ఇబ్బంది ఉంది, ఇది భాషది. ఇక్కడి ప్రైమరీ స్కూళ్ళలో "స్టే సేఫ్" అని ఒక పాఠ్యక్రమం ఉంది. జూనియర్ ఇన్‌ఫాంట్స్, అంటే నాలుగైదేళ్ళ పిల్లల దగ్గర నుంచే మొదలవుతుంది. 1990ల మొదట్లో వచ్చింది, కొన్నేళ్ళ కిందట కొత్తగా తిరగరాశారు. దాని సారమంతా మూడు ముక్కలు: వద్దని చెప్పు, అక్కణ్ణుంచి వచ్చెయ్, పెద్దవాళ్ళకి చెప్పు. శరీరంలో ఏ భాగాన్ని ఏమంటారో అసలు పేర్లతో నేర్పుతారు. ఆ పాఠాల ముందు ఇంటికి కాగితం వస్తుంది. "అయ్యో, ఇంత చిన్నపిల్లలకి ఇవన్నీ ఎందుకు" అని మనవాళ్ళు కొందరు మొహం చిట్లిస్తారు. ఆ కాగితం ఇంటికొచ్చిన రోజున దాన్ని పూర్తిగా చదవండి. ఎందుకంటే, స్కూల్లో పిల్ల నేర్చుకున్న ఆ పేర్లకి మన ఇళ్ళలో తెలుగు మాటలే లేవు. ఉన్నవి తిట్లలోనే ఉన్నాయి. బట్టలు మార్చేటప్పుడు "షేమ్ షేమ్" అంటాం, ఇంకాస్త పెద్దయితే "ఛీ" అంటాం. ఒక మాటే లేని విషయాన్ని పిల్ల ఏమని వచ్చి చెబుతుంది? అమ్మమ్మతో వీడియోలో తెలుగు మాట్లాడుతుందని మురిసిపోతాం, సంతోషమే. కానీ ఆ తెలుగులో "నాకు ఇబ్బందిగా ఉంది" అన్న వాక్యం కూడా ఉండాలి. పద్యాలు, శ్లోకాలు నేర్పే ఓపికలో పదోవంతు దీనికి చాలు.

సరే, ఊళ్ళోవాళ్ళు ఏం చేస్తున్నారో చూద్దాం. డబ్లిన్‌కి దక్షిణంగా డార్ట్ రైలు ఆఖరి స్టేషను గ్రేస్టోన్స్, విక్లో కౌంటీలో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. 2023లో ఆ ఊరూ, పక్కనున్న డెల్గనీ కలిపి ఎనిమిది ప్రైమరీ స్కూళ్ళ తల్లిదండ్రుల సంఘాలు ఒక ఒప్పందానికొచ్చాయి. సెకండరీ స్కూలుకెళ్ళేదాకా పిల్లలకి స్మార్ట్‌ఫోను కొనివ్వం అని. స్కూల్లోనే కాదు, ఇంట్లోనూ. సెయింట్ పాట్రిక్స్ స్కూలు ప్రిన్సిపాల్ రేచల్ హార్పర్ దీనికి ముందు నిలబడ్డారు. చట్టం లేదు, జరిమానా లేదు. ఇష్టమున్నవాళ్ళు సంతకం పెట్టొచ్చు. దేశదేశాల పత్రికలు దీని గురించి రాశాయి. ఆ ఏడాది చివర్లో విద్యామంత్రి నార్మా ఫోలీ, మిగతా ఊళ్ళవాళ్ళు కూడా ఇలా చేసుకోవడానికి మార్గదర్శకాలు విడుదల చేశారు.

ఇది నాకు బాగా నచ్చింది. ఫోను వద్దన్నందుకు కాదు. "క్లాసులో అందరికీ ఉంది, నాకే లేదు" అన్న బ్రహ్మాస్త్రాన్ని వీళ్ళు పనికిరాకుండా చేశారు. ఒక్క ఇల్లు కాదంటే పిల్ల వెలివేసినట్టు ఏడుస్తుంది. ఊరంతా కాదంటే అసలు ఏడవడానికి ఏముంది? మన ఊళ్ళలో ఇలాంటివి రచ్చబండ దగ్గర తేలేవి. లూకన్‌లోనో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లోనో ఒకే వీధిలో ఆరు తెలుగు కుటుంబాలుంటాయి. దీపావళికి ఎవరు ఏ స్వీటు తేవాలో వాట్సాప్‌లో గంటసేపు చర్చిస్తాం. ఈ ఒక్క విషయం కూడా అక్కడే తేల్చుకోవచ్చు. దీనితో పోలిస్తే, 2024 అక్టోబరు బడ్జెట్టులో సెకండరీ స్కూళ్ళలో ఫోన్లు పెట్టుకునే సంచుల కోసం ప్రభుత్వం 90 లక్షల యూరోలు ఇచ్చింది చూశారూ, దాని మీద జనం వేసిన జోకులకి లెక్కలేదు. నేను మాత్రం ఆ డబ్బుతో ఒక్కో స్కూల్లో పిల్లలు వెళ్ళి చెప్పుకోవడానికి ఓ కౌన్సెలరు గంటలు పెంచితే బాగుండేదంటాను.

అయితే ఫోను ఇవ్వకపోవడంతో కథ ముగియదు. పన్నెండేళ్ళ దాకా అది మనకి గడువు ఇస్తుంది, అంతే. ఆ గడువులో చెప్పే అలవాటు చెయ్యకపోతే, పదమూడో ఏట కొత్త ఫోనుతో పాటు అదే పాత భయం చేతికొస్తుంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి పదహారేళ్ళలోపు వాళ్ళకి సోషల్ మీడియా అకౌంట్లే వద్దంది. మంచిదే కావచ్చు. కానీ దొంగతనంగా తెరుచుకున్న అకౌంటులో చిక్కుకున్న పిల్లకి ఇంట్లో చెప్పడం రెట్టింపు కష్టం అవుతుందేమోనని నా అనుమానం. మొదటి తప్పు ఒప్పుకుంటేగానీ రెండోది చెప్పలేదు కదా.

ఐర్లండు చట్టాల గురించి ఒక అపోహ ఉంది. ఇక్కడ "డిజిటల్ సమ్మతి వయసు" 16 అని 2018 డేటా రక్షణ చట్టంలో రాశారు. అంటే పదహారు దాకా ఇన్‌స్టాగ్రామ్ నిషేధమని కొందరూ, పదహారు దాటితే ఇక మన బాధ్యత లేదని కొందరూ అనుకుంటున్నారు. రెండూ కాదు. పిల్లల సమాచారాన్ని సమ్మతి పేరు చెప్పి వాడుకోవాలంటే పదహారులోపు ఆ సమ్మతి అమ్మానాన్నలు ఇవ్వాలి, అంతవరకే. కంపెనీలు చెప్పే 13 అమెరికాలో 1998లో చేసిన చట్టంలోంచి వచ్చిన అంకె. ఇండియా 2023 చట్టంలో 18 అని రాసుకుంది. మూడు దేశాలు, మూడు అంకెలు. పిల్ల మాత్రం ఒక్కతే!

కంపెనీలు మంచివాళ్ళని ఎవరైనా అంటే, డబ్లిన్‌లోని డేటా ప్రొటెక్షన్ కమిషన్ వేసిన జరిమానాలు చూపించండి. 2022లో ఇన్‌స్టాగ్రామ్ విషయంలో మెటాకి 40.5 కోట్ల యూరోలు. పిల్లల అకౌంట్లు మొదటినుంచే అందరికీ కనబడేలా ఉండటం, బిజినెస్ అకౌంటుకి మారిన పిల్లల ఫోను నంబర్లు, మెయిళ్ళు బయటపడటం కారణాలు. 2023లో టిక్‌టాక్‌కి 34.5 కోట్లు. అక్కడా మొదటి సెట్టింగు "అందరికీ" అనే. పైగా తల్లిదండ్రులు పిల్లల అకౌంటుకి జతకట్టే ఏర్పాటులో, ఆ జతకట్టిన పెద్దమనిషి నిజంగా తల్లో తండ్రో అని చూసేవాడే లేడు. అప్పటికే మార్చేశాం అన్నాయి రెండు కంపెనీలూ. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఆఫీసుల్లో జీతాలు తీసుకుంటున్నవాళ్ళలో మన తెలుగువాళ్ళు తక్కువేం లేరు. డిఫాల్టు సెట్టింగు ఏదుండాలి అన్న మీటింగులో కూర్చున్నప్పుడు సొంత పిల్లలు గుర్తొస్తే చాలు.

చిన్నపిల్లల సంగతి. మన అమ్మలు చందమామని చూపించి గోరుముద్దలు పెట్టారు, మనం యూట్యూబు చూపించి పెడుతున్నాం. దాని మీద ఉపన్యాసం ఇవ్వను. ఇద్దరూ ఉద్యోగానికెళ్ళే ఇంట్లో, నాలుగున్నరకే చీకటిపడే డిసెంబరులో, ఆ పదిహేను నిమిషాలు ఎంత అవసరమో నాకు తెలుసు. కాకపోతే ఒకటి. 2017లో, తెలిసిన కార్టూను బొమ్మలతోనే భయంకరమైన వీడియోలు తయారుచేసి పిల్లల పాటల మధ్యలో కలిపేసిన సంగతి బయటపడింది. 2019లో పిల్లల సమాచారం సేకరించినందుకు గూగుల్, యూట్యూబు 17 కోట్ల డాలర్లు కట్టాయి. తరువాతి వీడియో ఏదో యంత్రం ఎంచుకుంటున్నప్పుడు మనకి మిగిలిన ఆయుధం చెవులే. అందుకని హాల్లో, టీవీ మీద, శబ్దం బయటికి వినబడేలా. చిన్నపిల్లలకి హెడ్‌ఫోన్లు ఎవరైనా బహుమతిగా ఇస్తే థాంక్యూ చెప్పి అటక మీద పెట్టెయ్యండి. నాకు తెలిసిన అన్ని పేరెంటల్ కంట్రోళ్ళ కంటే, వంటింట్లోంచి "ఏంటమ్మా అది, ఎవరు మాట్లాడుతున్నారు?" అనే కేక గొప్పది.

ఇంతసేపూ పిల్లలు నెట్టులోకి వెళ్ళడం గురించే మాట్లాడుకున్నాం. మనమే వాళ్ళని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టడం ఇంకొకటి. 2024 జులైలో హైదరాబాదులో పెద్ద గొడవైంది, గుర్తుందా? ఒక తండ్రీ, చిన్నపిల్లా సరదాగా ఉన్న వీడియో మీద ప్రణీత్ హనుమంతు అనే యూట్యూబరు, అతని స్నేహితులు లైవులో కూర్చుని అసభ్యమైన జోకులు వేసుకున్నారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని ఎక్స్‌లో ఎత్తిచూపి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకీ చెప్పాడు. పిల్లల ఫోటోలు, వీడియోలు పెట్టేముందు ఆలోచించండని తల్లిదండ్రులకీ చెప్పాడు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి ఆ యూట్యూబరుని బెంగళూరులో పట్టుకుంది. తప్పంతా ఆ జోకులు వేసినవాళ్ళదే, ఆ తండ్రిది రవ్వంత కూడా కాదు. కానీ ఆ పిల్ల ఏ ఫోనూ పట్టుకోలేదు, ఏ ఆటలోనూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఏ ఫిల్టరూ ఆ పిల్లని కాపాడలేదు.

ఊరికి దూరంగా ఉన్న మనకి ఫోటోలు పెట్టాలనే తపన ఎక్కువ. తాతయ్య చూడాలి, మేనత్త చూడాలి. వాళ్ళకే పంపండి, ఫ్యామిలీ గ్రూపు ఉండనే ఉంది. అందరికీ కనబడేలా పెట్టేముందు ఫోటోలో మొహం వదిలేసి మిగతాది చూడండి. స్వెటరు మీద స్కూలు ముద్ర ఉంటుంది. ఐర్లండులో ఆ ముద్ర చూసి స్కూలు పట్టుకోవడం ఐదు నిమిషాల పని. వెనకాల తలుపు మీద ఇంటి నంబరుంటుంది. మొదటిరోజు స్కూలు ఫోటో అయితే క్లాసూ, టీచరు పేరూ పలక మీద రాసి మరీ పట్టిస్తాం. ఇంకో పని కూడా చెయ్యండి. "ఇది అత్తకి పంపనా?" అని పిల్లనే అడగండి. వద్దంటే పంపకండి. మొదట్లో చాదస్తంగా అనిపిస్తుంది. కానీ నాలుగేళ్ళ వయసు నుంచి తన ఫోటోకి తననే అడిగిన ఇంట్లో పెరిగిన పిల్లకి, రేపు అడక్కుండా తీసుకునేవాడు కనిపిస్తే అది తేడాగా ఉందని వెంటనే తెలుస్తుంది. "వద్దు" అంటే చెల్లుతుందని ఇంట్లోనే చూసి ఉంటుంది కాబట్టి.

చివరిగా, నిజంగానే ఒకరోజు పిల్ల వచ్చి చెప్పిందనుకోండి. ముందు "చెప్పి మంచిపని చేశావు" అనండి. లోపల గుండె జారిపోతున్నా సరే, మొహం మామూలుగా పెట్టి. బెదిరించేవాడికి జవాబివ్వొద్దు, డబ్బు పంపొద్దు. ఇస్తే ఆగుతాడనుకుంటాం, ఇచ్చేవాళ్ళు దొరికారని ఇంకా అడుగుతాడు. కంగారులో అన్నీ చెరిపెయ్యొద్దు. ఆ సంభాషణ, ఆ అకౌంటు పేరు గార్డాకి కావాలి. దగ్గర్లో ఉన్న గార్డా స్టేషనుకి వెళ్ళండి. వీసాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, పేరు పేపర్లో పడదు. పిల్ల ఫోటో నిజంగానే బయటికెళ్ళిందంటే, ఎలాంటిదో చూపించడానికని, మిగతావాళ్ళని హెచ్చరించడానికని ఇంకెవరికీ పంపకండి. అలాంటి చిత్రం పంచడం 1998 నాటి ఐర్లండు చట్టం ప్రకారం నేరం, ఉద్దేశం ఎంత మంచిదైనా. "టేక్ ఇట్ డౌన్" అని అమెరికాలో పిల్లల సంస్థ ఒకటి నడుపుతున్న ఉచిత సేవ ఉంది, ఏ దేశంవాళ్ళైనా వాడుకోవచ్చు. ఫోటోని వాళ్ళకి పంపక్కర్లేదు. మన పరికరంలోనే దాని వేలిముద్ర లాంటి ఒక సంఖ్య తయారై అదొక్కటే వెళ్తుంది. ఆ సంఖ్యతో పోల్చి చూసుకుని, అందులో చేరిన సైట్లు ఆ ఫోటోని తీసేస్తాయి. ఇలాంటి చట్టవిరుద్ధమైనవి మీ కంటబడితే, ఇక్కడ హాట్‌లైన్ డాట్ ఐఈకి చెప్పొచ్చు, 1999 నుంచి ఉంది.

మనతో చెప్పుకోలేని రోజు కూడా పిల్లలకి ఒకటి రావచ్చు. ఇక్కడ చైల్డ్‌లైన్ నంబరు 1800 66 66 66, ఇండియాలో 1098. రెండూ ఉచితం, పిల్లలే నేరుగా చెయ్యొచ్చు. మా ఇంట్లో ఆ నంబరు ఫ్రిజ్ మీద పిజ్జా కొట్టువాడి అయస్కాంతం కింద ఉంది. అది ఎవరిదని మా అమ్మాయి అడిగితే చెప్పాం. "అమ్మ మీద కంప్లైంటు కూడా ఇవ్వొచ్చా?" అంది. ఇవ్వొచ్చన్నాం. రాత్రి పడుకోమన్నప్పుడల్లా ఆ నంబరు కేసి ఓసారి చూసి మరీ వెళ్తోంది.